ఇల్లు మారుతున్నాం, టీవీ ఒప్పందం మాటేమిటి?

అక్క: నమస్కారం. అట్టపెట్టెల మధ్య కూర్చుని వింటున్న వాళ్ళందరి కోసం ఈ భాగం. గడువు ఇంకా మిగిలి ఉండగానే ఇల్లు మారవలసి వస్తే టీవీ కనెక్షన్ ఒప్పందాన్ని ఎలా ముగించుకోవాలి, అదీ ఈ వారం విషయం. తమ్ముడూ, ముందే చెబుతున్నాను, ఈసారి మేడ ఎక్కవద్దు.

తమ్ముడు: మేడ ఎక్కకుండా ఈ విషయం ఎలా తేలుతుంది అక్కా? అసలు గొడవంతా అక్కడే ఉంది.

అక్క: ముందు ఒప్పందాల సంగతులున్న నా నీలం ఫైలు తెరవనివ్వు. ఆ తర్వాత నీ ఇష్టం.

తమ్ముడు: తెరువు. అది తెరవనిదే మన శ్రోతలు కూడా ఊరుకోరు.

అక్క: ఇల్లు మారడం అనేది చాలా ఒప్పందాల్లో దానంతట అది రద్దుకు కారణం కాదు. పాత ఇంటికి తాళం వేసి వచ్చేశాం, ఇక బిల్లు రాదు అనుకుంటారు. వస్తుంది. సంతకం పెట్టింది మీరు గనక ఆ బాధ్యత మీ వెంటే కొత్త ఇంటికి వస్తుంది. అందుకే సామాను కట్టకముందే ఆ కాగితం బయటికి తీసి, కనీస గడువు ఏ తేదీతో తీరుతుందో చూడండి. ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో కూడా అందులోనే ఉంటుంది. ఒక్కోసారి నోటీసు రోజులు లెక్కవేసేసరికి మిగిలేది కొద్ది వారాలే. అప్పుడు రద్దు రుసుము కంటే గడువు తీరేదాకా నెలసరి బిల్లు కట్టడమే నయం.

తమ్ముడు: కనెక్షన్‌నే కొత్త ఇంటికి మార్చమని అడగవచ్చు కదా.

అక్క: అడగవచ్చు, అక్కడ ఒక చిక్కుంది. కంపెనీ సరేనంటుంది, మనం సంతోషంగా సంతకం పెడతాం. తీరా చూస్తే అది కొత్త ఒప్పందం, గడువు మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. కాబట్టి "చిరునామా మారిస్తే నా గడువు పాతదే ఉంటుందా, కొత్తగా మొదలవుతుందా" అని అడిగి జవాబు రాతలో తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట చాలదు.

తమ్ముడు: "రాతలో" ఒకటి. లెక్క మొదలుపెట్టాను.

అక్క: పెట్టుకో. జర్మనీలో దీన్ని చట్టంలోనే తేల్చేశారు. అక్కడ 2021 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన టెలికాం చట్టం ప్రకారం, వినియోగదారు ఇల్లు మారితే, కంపెనీ కొత్త చోట కూడా ఆ సేవ అందిస్తున్నట్లయితే, గడువు మార్చకుండా అదే సేవ అక్కడ ఇవ్వాలి. అందించకపోతే వినియోగదారు ఒక నెల నోటీసుతో బయటపడవచ్చు. అంతకుముందు అది మూడు నెలలు ఉండేది.

తమ్ముడు: ఆ సూత్రం నాకు నచ్చింది. ఇవ్వలేని సేవకు డబ్బు అడగకూడదు. ఇప్పుడు ఆ ఉత్తరం చదువు అక్కా.

అక్క: చదువుతాను. ఒక శ్రోత రాశారు. "డిష్ కనెక్షన్‌కు 24 నెలల ఒప్పందం. 14 నెలలు సక్రమంగా కట్టాను. ఇల్లు మారాను. టెక్నీషియన్ వచ్చి బాల్కనీలో, మేడ మీద, పిట్టగోడ మీద కూడా పెట్టి చూశాడు. ఎదురుగా పెద్ద భవనం ఉంది, సిగ్నల్ రాదు అని చెప్పి వెళ్ళిపోయాడు. కంపెనీకి ఫోను చేస్తే, మీ ఇంటికి సిగ్నల్ రాకపోవడం మా తప్పు కాదు, మిగిలిన 10 నెలలదీ కట్టండి అంటున్నారు." ఇదీ సంగతి.

తమ్ముడు: ఇదీ నేను మేడ ఎక్కుతానన్నది! డిష్ టీవీ అంటే అసలు ఏమిటి? భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహం, భూమి ఎంత వేగంగా తిరుగుతుందో తానూ అంత వేగంగా తిరుగుతూ, మనకు ఒకే చోట నిలిచినట్టు కనిపిస్తుంది. దానికీ డిష్‌కూ మధ్య చూపు తెరిపిగా ఉండాలి. గోడ అడ్డు ఉండకూడదు, గుబురు చెట్టు అడ్డు ఉండకూడదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్ళ డిష్ దక్షిణం వైపు తిరగాలి, దక్షిణాన ఉన్నవాళ్ళది ఉత్తరం వైపు. ఈ సంగతి కంపెనీకి మొదటి రోజు నుంచి తెలుసు. 1945లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఈ కక్ష్య గురించి రాసినప్పటి నుంచి లోకమంతటికీ తెలుసు.

అక్క: అదిగో, 1945 వచ్చేసింది. తర్వాత 1964.

తమ్ముడు: 1964లో సింకామ్ 3 ఉపగ్రహం ద్వారా టోక్యో ఒలింపిక్స్‌ను...

అక్క: తమ్ముడూ, ఉత్తరం.

తమ్ముడు: సరే, ఉత్తరం. ఆకాశం కనబడితేనే పనిచేసే సరుకును అమ్మి, ఆకాశం కనబడకపోతే తప్పు నీదే అనడం అన్యాయం. 14 నెలలు నిజాయతీగా కట్టిన మనిషి ఆయన.

అక్క: నేను ఒప్పుకోను. ఇల్లు ఎంచుకున్నది ఎవరు? ఆయన. కంపెనీ పాత చిరునామాలో సేవ ఇస్తానంది, ఇచ్చింది, ఈ రోజుకూ ఇవ్వగలదు. గ్రంథాలయానికి రెండేళ్ళ చందా కట్టి, మధ్యలో దూరంగా వెళ్ళిపోతే, గ్రంథాలయం మూతపడిందంటావా?

తమ్ముడు: గ్రంథాలయం వాళ్ళు మన మేడ మీదికి వచ్చి సిమెంటులో మేకులు దిగగొట్టరు అక్కా. ఇక్కడ సేవ అందేదే ఇంటికి. ఇల్లు మారితే ఎలా అని వాళ్ళు ఆలోచించే ఆ నిబంధన రాశారు. వాళ్ళ న్యాయవాది దగ్గర కూర్చుని రాయించారు. మనం ఆ కాగితాన్ని టెక్నీషియన్ నిచ్చెన దగ్గర నిలబడి, గోడకు ఆనించి సంతకం చేశాం.

అక్క: చదవకుండా చేయమని ఎవరు చెప్పారు?

తమ్ముడు: చదివినా మార్చనిస్తారా?

అక్క: (కొంచెం ఆగి) మార్చనివ్వరు. అది నిజమే. కానీ కంపెనీ వైపు లెక్క కూడా చూడు. సెట్‌టాప్ బాక్స్, డిష్, దాని ముందు ఉండి తరంగాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ, బిగించిన మనిషి కూలి, ఇవన్నీ మొదట వాళ్ళే పెట్టుకుని మన దగ్గర తక్కువ తీసుకుంటారు. ఆ ఖర్చు నెలనెలా రాబట్టుకోవాలి. మధ్యలో వెళ్ళిపోతే కొంత నష్టం ఉంటుంది కదా.

తమ్ముడు: ఉంటుంది, కాదనను. అయితే ఆ నష్టం నెలనెలకూ తగ్గాలి. 2వ నెలలో వెళ్ళినవాడికీ 20వ నెలలో వెళ్ళినవాడికీ ఒకే రుసుము వేస్తే అది నష్టపరిహారం ఎలా అవుతుంది? శిక్ష అవుతుంది. పైగా మిగిలిన 10 నెలలకూ పూర్తి చందా అడుగుతున్నారు. ఆ 10 నెలలు ఆయనకు ఛానళ్ళు ఇవ్వనక్కర్లేదు, ఫిర్యాదు వస్తే మనిషిని పంపనక్కర్లేదు. ఆ మిగులు ఎవరికి పోతోంది?

అక్క: ఇక్కడ మాత్రం నీతో నిలబడతాను. భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది, అందులో 74వ సెక్షను ఉంది. కాగితం మీద ఎంత మొత్తం రాసుకున్నా, ఒప్పందం తప్పినప్పుడు రావలసింది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతా ఇచ్చి తీరాలని కాదు. కాబట్టి ఆ శ్రోత అడగవలసిన ప్రశ్న, "ఈ మొత్తాన్ని ఎలా లెక్కకట్టారు?" అని. రాతలో అడగాలి.

తమ్ముడు: రెండు. అమెరికాలో అయితే 2023 డిసెంబరులో అక్కడి సమాచార రంగాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, కేబుల్, ఉపగ్రహ టీవీ కంపెనీలు ఈ ముందస్తు రద్దు రుసుము వసూలు చేయకుండా నిషేధించాలని ప్రతిపాదించింది. అంటే ఈ కోపం నా ఒక్కడిదే కాదు. ఇంకో మాట, ఆ టెక్నీషియన్ "సిగ్నల్ రాదు" అన్నది కాగితం మీద ఉందా?

అక్క: మంచి ప్రశ్న. ఆ మాట సర్వీసు చీటీలో రాయించుకోకపోతే రేపు కంపెనీ రికార్డులో "వినియోగదారు ఇష్టపూర్వకంగా రద్దు చేసుకున్నారు" అని మాత్రమే ఉంటుంది. ఇంకా రాయించుకోకపోతే మళ్ళీ ఒకసారి పిలిపించి అయినా రాయించుకోమని చెబుతాను.

తమ్ముడు: కొత్త ఇల్లు ఇంకా చూస్తున్న వాళ్ళకు నేనొకటి చెప్పాలి. సంతకం పెట్టేముందు మేడ ఎక్కండి.

అక్క: ఎక్కాడు.

తమ్ముడు: ఎక్కుతాను! పక్క ఇళ్ళ డిష్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. ఆ దిక్కున మీ మేడ నుంచి ఆకాశం తెరిపిగా ఉందా చూడండి. డిష్ ముఖం దాదాపు నిటారుగా, ఎదుటి గోడను చూస్తున్నట్టు కనిపిస్తుంది, మోసపోవద్దు. ఇళ్ళ మీద ఉండే డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాకుండా కిందివైపు ఉంటుంది, అందుకని అది అందుకునే తరంగాలు మనకు కనిపించే దానికంటే బాగా పైనుంచి వస్తాయి. కాబట్టి ఎదురుగా చిన్న గోడ ఉన్నంత మాత్రాన నిరాశపడనక్కర్లేదు. చిన్న మొక్కగా ఉన్న చెట్టును మాత్రం నమ్మవద్దు, అది పెరుగుతుంది.

అక్క: ఇది నిజంగా పనికివచ్చే మాట. సరే, రెండో ఉత్తరం. ఇది కొంచెం నెమ్మదిగా చదువుతాను. ఒక అమ్మగారు రాశారు. భర్త పోయారు. ఆమె ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళారు. టీవీ ఒప్పందం ఆయన పేరున ఉంది. కస్టమర్ కేర్ వాళ్ళు ఖాతాదారుతోనే మాట్లాడతామని అంటున్నారట. ప్రతిసారీ.

తమ్ముడు: ...ఆ మాట ప్రతిసారీ వినాలా ఆవిడ.

అక్క: అమ్మా, మీరు మళ్ళీ ఫోను చేయకండి. మరణ ధ్రువీకరణ పత్రం నకలు, ఖాతా సంఖ్య, ఇల్లు ఖాళీ చేసిన తేదీ పెట్టి ఒక ఉత్తరం పంపించండి, చేరినట్టు రుజువు ఉండేలా. "ఖాతాదారు మరణించారు, ఈ తేదీ నుంచి సేవ నిలిపివేసి ఖాతా మూసివేయండి" అంటే చాలు. బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు కోతపడుతుంటే, ఆ అనుమతి రద్దు చేయమని బ్యాంకుకు వేరే ఉత్తరం. మీ అమ్మాయిని రాయమనండి. మీరు ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు.

తమ్ముడు: ఆ బాక్స్ తిరిగి ఇవ్వడం కూడా అమ్మాయే చూసుకుంటే మంచిది.

అక్క: అవును, వస్తువుల సంగతి త్వరగా చెప్పేస్తాను, సమయం లేదు. రద్దు రుసుము లేకుండా బయటపడ్డవాళ్ళు కూడా ఇక్కడ దొరికిపోతారు. బాక్స్ కంపెనీదైతే తిరిగి ఇవ్వాలి. బాక్స్‌ను తిరగేస్తే అడుగున స్టిక్కరు మీద సీరియల్ సంఖ్య ఉంటుంది, దాన్ని ఫొటో తీయండి. రిమోట్, అడాప్టర్, బాక్స్‌లో పెట్టే వ్యూయింగ్ కార్డు ఉంటే అదీ పక్కన పెట్టి ఇంకో ఫొటో. అప్పగించినప్పుడు రశీదులో ఆ సీరియల్ సంఖ్య ఉందో లేదో అక్కడే నిలబడి సరిచూడండి. బకాయి లేదని...

తమ్ముడు: రాతలో. మూడు.

అక్క: మూడు. బకాయి లేదని తీసుకోండి.

తమ్ముడు: మరి డిష్? విప్పుకుని తీసుకుపోవచ్చా?

అక్క: మీరు కొన్నదైతే మీదే. కంపెనీదైతే వాళ్ళను అడగాలి.

తమ్ముడు: మేకులు తీశాక మేడ మీద రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి వాన నీళ్ళు దిగుతాయి. అవి ఎవరు పూడ్చాలి? అద్దెకున్నవాళ్ళా, కంపెనీనా?

అక్క: అది ఇంటి యజమానితో ఉన్న ఒప్పందంలో చూడాలి. అది వేరే విషయం.

తమ్ముడు: వేరేది ఎలా అవుతుంది? బిగించినవాళ్ళే...

అక్క: తమ్ముడూ, రికార్డింగ్ సమయం అయిపోయింది.

తమ్ముడు: పోనీ, సింకామ్ గురించి ఒక్క మాట...

అక్క: ఆపేస్తున్నాను.