మూసీ ఒడ్డున మునిగిన ఊళ్ళ మాట

(అఫ్జల్‌గంజ్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం, దాదాపు మాట్లాడినట్టే)

ఇంత వానలో, ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చినందుకు ముందు థాంక్సండీ. పిలిచినవాళ్ళు నాకిచ్చిన టాపిక్ ‘సముద్రం అడుగున రహస్య నగరాలు’. పోస్టర్ మీద నీలం నీళ్ళలో ఎత్తైన స్తంభాలు, వాటి మధ్య ఈదుతున్న చేపలు కూడా వేశారు. అలాంటి స్తంభాలు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్న నగరం నాకు తెలిసి ఎక్కడా దొరకలేదు, కానీ బొమ్మ బాగుంది, కాదనను. సముద్రం దాకా వెళ్తాం లెండి. ముందు మాత్రం ఇక్కడికి నాలుగడుగుల దూరంలో, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గర ఆగుదాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. పోయినవాళ్ళు సుమారు 15,000 మంది. పురానాపూల్ ఒక్కటి నిలబడింది, దిగువన ఉన్న వంతెనలు కొట్టుకుపోయాయి. పాతబస్తీలో పెద్దవాళ్ళు దాన్ని ఇప్పటికీ తుగ్యానీ అంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ నీళ్ళలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. తర్వాత ఆయన రాసిన కవిత పేరు ‘ఖయామతె సుగ్రా’. మన మాటలో చెప్పాలంటే చిన్న ప్రళయం. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ వరద ఎందుకొచ్చిందో తెలియదా అంటే, బాగా తెలుసు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన లెక్క తీస్తే మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అది తెగితే ఇంకో దాని మీద, అలా గొలుసుగా వచ్చి ఊరి మీద పడ్డాయన్నమాట. ఆ తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇదంతా కాగితం మీద ఉంది, ఫోటోలు కూడా ఉన్నాయి. అయినా మీరు ఇంటికెళ్ళేటప్పుడు ఆటోవాలాని అడిగి చూడండి, ఆయన చెప్పేది 221 చెరువుల కథ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పంచె కట్టుకుని, ఒడ్డుకొచ్చి, పళ్ళెంలో పట్టుచీర, ముత్యాలు పెట్టి మూసీకి హారతిస్తే నది శాంతించి వెనక్కి తగ్గిందన్న కథ చెబుతాడు. నాకు మా ఇంటి ఓనరు చెప్పారు, ఆయనకు వాళ్ళ నాన్న చెప్పారట.

నేనా కథను వెక్కిరించడం లేదు. ఒక్క శతాబ్దంలో, రిపోర్టులూ ఫోటోలూ అన్నీ చేతిలో ఉండగానే, మన కళ్ళముందే నదికి కోపం వచ్చి, రాజు మొక్కితే చల్లబడింది. మరి రిపోర్టు రాసేవాడే లేని కాలంలో నాలుగైదు వేల ఏళ్ళు నోటి మీద తిరిగితే ఏమవుతుంది? వరద గాథల పుట్టుక గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగతావి ఉదాహరణలు, అవే బాగుంటాయి.

1872లో లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన మట్టిపలకల మీది క్యూనిఫారం లిపి చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాడు. పెద్ద వరద, ఒక పడవ, పడవ కొండకు తగలడం, నీళ్ళు తగ్గాయో లేదో చూడటానికి పక్షిని వదలడం. బైబిల్లో నోవహు కథ అచ్చం అలాగే ఉంటుంది కదా, ఆ ఉద్వేగంలో గదిలో అటూ ఇటూ తిరుగుతూ బట్టలు విప్పడం మొదలుపెట్టాడని అంటారు. అది ఇప్పటి ఇరాక్ ఉన్న చోటి పాత కావ్యం, గిల్గమేష్ గాథలో పదకొండో పలక. దానికంటే పాతదైన అత్రహసిస్ కథలో దేవుళ్ళు వరద పంపడానికి కారణం ఏంటో తెలుసా? మనుషులు ఎక్కువైపోయి గోల చేస్తుంటే దేవుడికి నిద్ర పట్టలేదట. మన గణేశ్ నిమజ్జనం రాత్రి ఆ దేవుడు సిటీలో ఉంటే ఏం చేసేవాడో!

మన కథలో గోల లేదు, పక్షీ లేదు. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటుంటే నీళ్ళలో చిన్న చేప వచ్చింది, నన్ను కాపాడు, నిన్ను నేను కాపాడతా అంది. పెంచాడు, అది పెద్దదైంది, వరద వచ్చినప్పుడు పడవను దాని కొమ్ముకు కట్టాడు, చేప ఉత్తరాన ఉన్న కొండకు లాక్కెళ్ళింది. అక్కడ ఎవరి పాపానికీ శిక్ష పడలేదు, వరద ఊరికే వచ్చింది. పోతన భాగవతం ఎనిమిదో స్కంధానికి వచ్చేసరికి మనువు ద్రవిడ రాజు సత్యవ్రతుడయ్యాడు, నది కృతమాల అయింది, వేదాలు ఎత్తుకుపోయిన రాక్షసుడు వచ్చి చేరాడు. వింటున్నారా, కథ దక్షిణానికి వస్తూ వస్తూ దారిలో ఇక్కడి నదిని పట్టుకుంది. పడవ వాళ్ళది, రేవు మనది.

అయితే వీటన్నిటి వెనక ఒకే ఒక మహా జలప్రళయం ఉందా? చాలామంది ఆశ అదే. లియొనార్డ్ వూలీ ఇరాక్‌లోని ఉర్ నగరంలో తవ్వుతూ ఒక చోట మూడు మీటర్లకు పైగా ఒండ్రుమట్టి చూశాడు. దాంట్లో ఒక్క పెంకు ముక్క కూడా లేదు. దాని కిందా పైనా మనుషులున్న గుర్తులు. ఇదే ఆ వరద అని 1929లో ప్రకటించాడు. ప్రపంచమంతా గంతులేసింది. తర్వాత పక్క ఊళ్ళలో తవ్వితే కొన్ని చోట్ల ఆ మట్టే లేదు, ఉన్న చోట కాలాలు కలవలేదు. టైగ్రిస్, యూఫ్రటీస్ మధ్య చదును నేల అది, ఏ ఊరికి ఆ ఊరి వరద ఉంది. ఏ ఊరి వరద ఆ ఊరికి ప్రపంచం మునగడమే. అమ్జద్‌కు ఇల్లంతా పోయింది, ఆయన దాన్ని ఖయామత్ అన్నాడు. ఇంకేం అంటాడు?

సముద్రం సంగతి వేరు, అక్కడ నిజంగానే పెద్ద విషయం జరిగింది. సుమారు 20,000 ఏళ్ళ కిందట మంచుయుగం తారస్థాయిలో ఉన్నప్పుడు నీళ్ళు మంచుగడ్డలుగా నేల మీద ఉండిపోయి సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లు తక్కువగా ఉండేది. దాదాపు 7,000 ఏళ్ళ కిందటి వరకు పెరుగుతూ వచ్చింది. భాగించి చూస్తే సగటున ఏడాదికి ఒక సెంటీమీటరు. మధ్యలో కొన్ని శతాబ్దాలు చాలా తొందరగా పెరిగింది కానీ, మామూలు మనిషి అరవై ఏళ్ళు బతికితే అర మీటరు. ఏముంది అనిపిస్తుంది కదా? కోనసీమ లాంటి చదును నేల మీద అర మీటరు పెరిగితే తాత చేలు మనవడికి ఉండవు. మా తాత పొలం అదిగో ఆ అలల కింద అని చూపిస్తాడు. ఆస్ట్రేలియా మూలవాసుల దగ్గర సరిగ్గా ఇలాంటి మాటలే, తీరం చుట్టూ 21 చోట్ల, పాట్రిక్ నన్, నికొలస్ రీడ్ అనే పరిశోధకులు పోగేశారు. అవి 7,000 ఏళ్ళ కిందటి జ్ఞాపకాలని వాళ్ళ వాదన. రాత లేకుండా అంత కాలం నిలిచిందా అని నాకు మొదట నమ్మకం కుదరలేదు, ఇప్పుడు చాలావరకు కుదిరింది.

సరే, ద్వారక. మీరంతా దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. మౌసల పర్వంలో, మన తిక్కన తెలుగు చేసిన పర్వమే, కృష్ణుడు వెళ్ళిపోయాక సముద్రం ద్వారకను ముంచేస్తుంది. 1980ల్లో ఎస్.ఆర్. రావు గారు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున అక్కడ నీళ్ళలోకి దిగి వెతికించారు. చెక్కిన రాళ్ళు, గోడల్లాంటివి, ముఖ్యంగా బోలెడు రాతి లంగర్లు దొరికాయి. లంగర్లు దొరికాయంటే ఓడలు ఆగిన రేవు అని గట్టిగా చెప్పొచ్చు, కృష్ణుడి కాలం అని చెప్పాలంటే మాత్రం ఆ లంగరు చాలదు. ఎందుకంటే అలాంటి లంగర్లు చాలా శతాబ్దాల పాటు వాడారు.

గుజరాత్‌లోనే ఖంభాత్ సింధుశాఖ గొడవ ఇంకా పెద్దది. 2001లో సముద్రం అడుగున నగరం అన్నారు, 9,500 ఏళ్ళ నాటిదన్నారు, టీవీల్లో హోరెత్తింది. ఆ వయసు ఒక చెక్క ముక్కది. భయంకరమైన ఆటుపోట్లు వచ్చే చోట, అడుగున గోకి పైకి లాగిన ముక్క. మూసీ ఇసకలో కుతుబ్‌షాహీల నాణెం దొరికితే పక్కనున్న మెట్రో పిల్లరు కూడా వాళ్ళే కట్టారంటామా?

జపాన్‌లో యొనగుని అని ఇంకోటి, 1980ల్లో ఒక డైవర్ చూశాడు. మెట్లు, చదును అరుగులు, నిటారు అంచులు. మసాకి కిమురా అనే ప్రొఫెసర్ అది మనుషులు చెక్కిందే అంటారు, చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు ఇసకరాయి తనంతట తానే అలా పొరలు పొరలుగా పగులుతుందంటారు. ఈ విషయంలో హైదరాబాదీలకు జడ్జీగా కూర్చునే హక్కుంది. గచ్చిబౌలి వైపు ఎవరో క్రేన్ పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు (బ్లాస్టింగ్‌లో పోయినవి పోగా మిగిలినవి) చూస్తూ పెరిగినవాళ్ళం. వాటిని ఎవరూ పేర్చలేదని మనకు తెలుసు.

అన్నీ కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. మహాబలిపురంలో ఏడు గోపురాలుండేవి, ఆరు సముద్రంలో పోయాయని నావికులు ఎప్పటినుంచో చెప్పుకునేవారు. 2004 డిసెంబర్ 26న సునామీ ముందు సముద్రం వెనక్కి లాగినప్పుడు జనం రాళ్ళ వరసలు చూశారు, తర్వాత తవ్వకాల్లో గుడి ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆరు గోపురాలు కావు, కానీ కథ గాలి కబురు కూడా కాదు. ఈజిప్టులో థోనిస్ హెరాక్లియన్ అనే రేవు పట్నం నైలు డెల్టా మెత్తటి మట్టి మీద కట్టారు. బరువుకు, భూకంపాలకు ఆ మట్టి జావైపోయి ఊరు కిందికి దిగింది. 2000లో దాన్ని ఫ్రాంక్ గోడియో బృందం కనిపెట్టింది. డెల్టా అంటే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. వాళ్ళది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన. ఆ ఇంట్లో కాలానికి రెండే భాగాలు, ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత. అల తాటిచెట్టంత లేచిందని చెప్పేది. కొలిచినవాళ్ళు ఐదారు మీటర్లన్నారు. చీకట్లో పిల్లను చంకనేసుకుని పరిగెత్తిన మనిషికి అది తాటిచెట్టే.

ఇక చివరిగా మన సొంత మునిగిన నగరం. ఇక్కడికి 150 కిలోమీటర్లు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాల నాటిది. విహారాలు, స్తూపాలు, కృష్ణ ఒడ్డున మెట్ల ఘాట్లు, రాతి గ్యాలరీల మధ్య ఆటస్థలం, పోస్టర్ మీద ఉన్నదానికంటే బాగుంటుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీళ్ళు వచ్చేలోపు తవ్వకాలు పూర్తి చేయాలని ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం 1954 నుంచి 1960 దాకా కష్టపడింది. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి నాగార్జునకొండ మీదికి, ఒడ్డునున్న అనుపుకు చేర్చారు. మిగతా లోయంతా, అక్కడ కాపురాలున్న పల్లెలతో సహా, నీళ్ళ కిందకి పోయింది. పురాణంలో అయితే ప్రళయం, పేపర్లో అయితే ముంపు. మీలో చాలామంది ఇళ్ళలో కుళాయికి వచ్చే కృష్ణా నీళ్ళు ఆ నగరం మీద నిలబడి వస్తున్నవే.

పోయినేడు కొండకు లాంచీలో వెళ్ళాను. నా పక్క సీట్లో ఒక ముసలమ్మ, ఏడెనిమిదేళ్ళ మనవడు. వెనక్కి తిరిగితే డ్యామ్ గోడ కనిపిస్తూనే ఉంది. ఆమె వాడికి నీళ్ళలోకి వేలు చూపించి చెబుతోంది, “గీ నీళ్ళ కింద పెద్ద పట్నం ఉండె బిడ్డా. రాజు మాట తప్పిండంట. కృష్ణమ్మకు కోపమొచ్చి ఒక్క రాత్రిల ముంచేసింది.”

“ఏం మాట తప్పిండు నానమ్మా?” అన్నాడు వాడు.

ఆమె కాసేపు నీళ్ళ వంక చూసి, చెప్పడం మొదలుపెట్టింది. ఇంజను చప్పుడులో సరిగ్గా వినిపించక నేను కూడా ఇంకాస్త దగ్గరికి జరిగాను.