మంట ఆరిన వర్క్‌షాపులో మళ్లీ కరెంటు ఎప్పుడు? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విద్యుత్ లోపం వల్ల అగ్నిప్రమాదానికి గురైన చిన్న లోహపు పని వర్క్‌షాపులను తిరిగి పనిలోకి తెచ్చుకోవడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. పారిశ్రామిక యంత్రాల విద్యుత్ మరమ్మతులు చూసే ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి శ్రోత లైనులో ఉన్నారు, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం సార్. రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ మిషను ఉన్న చిన్న షెడ్డు మాది. నాలుగు రోజుల క్రితం రాత్రి ప్యానెల్ బోర్డులో మంట పుట్టి, గోడ మీది కేబుళ్ల వెంట పైకప్పు దాకా పాకింది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి నీళ్లు కొట్టి ఆర్పారు. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు. పెద్ద లేత్ మాత్రం మంటకు పన్నెండు అడుగుల దూరంలో ఉండటం వల్ల దాని రంగు కూడా చెదరలేదు. ఒప్పుకున్న షాఫ్టులు సగం తిప్పినవి చక్ దగ్గరే ఉన్నాయి. పక్క షెడ్డు నుంచి కేబులు లాగి ఆ లేత్ ఒక్కదాన్ని నడుపుకోవచ్చా అని అడుగుదామని చేశాను.

నిపుణుడు: వద్దండి. ముందు మెగ్గర్, తర్వాతే స్విచ్చు. ఈ మాట ఈరోజు ఎన్నిసార్లు చెబుతానో నాకే తెలియదు. మెగ్గర్ అంటే ఇన్సులేషన్ చెడిందో లేదో ఎక్కువ వోల్టేజీతో కొలిచి చెప్పే మీటరు. సరే, ఆ లేత్ బెడ్ మీద వేలితో రాసి చూశారా? ఏమి అంటుకుంది?

మొదటి శ్రోత: జిడ్డుగా నల్లటి మసి అంటుకుంది. తుడిచిన చోట గోధుమరంగు చుక్కలు కనబడుతున్నాయి.

నిపుణుడు: నేను భయపడింది ఆ చుక్కల గురించే. మీ గోడ మీద కాలినవి పీవీసీ తొడుగు ఉన్న కేబుళ్లు. పీవీసీ కాలినప్పుడు అందులోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికి వచ్చి, గాలిలోని తేమతోనూ మంట ఆర్పడానికి కొట్టిన నీటితోనూ కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. మంట పన్నెండు అడుగుల అవతలే ఆగినా, ఆ పొగ షెడ్డంతా తిరిగి మసితో పాటు బెడ్ మీద, లెడ్ స్క్రూ మీద, మోటారు లోపల, మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ల పాయింట్ల మీద కూర్చుంటుంది. నాలుగు రోజుల నుంచి మీరు తాళం వేసుకుని కూర్చున్నా ఆ ఆమ్లం తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఇంతవరకు ఏమైనా శుభ్రం చేశారా?

మొదటి శ్రోత: నిన్న మా కుర్రాళ్లు ఎయిర్ గన్‌తో మసి ఊదేశారు సార్.

నిపుణుడు: అయ్యో! ఊదితే మసి బయటికి పోదండి, సందుల్లోకి దూరుతుంది. ఇకమీదట గాలి కొట్టనివ్వకండి. కరెంటు పూర్తిగా తీసి ఉందని నిర్ధారించుకున్నాక, మాస్కు, గ్లౌజులు వేసుకుని, సన్నని ధూళిని పట్టే ఫిల్టరు ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో, మెత్తని బ్రష్షుతో పొడి మసిని ముందు తీసేయాలి. ఆ వాక్యూమ్‌కు కరెంటు ఆ షెడ్డు వైరింగు నుంచి తీసుకోకూడదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను. తర్వాత క్షార స్వభావం ఉన్న తేలికపాటి క్లీనర్‌తో బెడ్డును తుడిచి, తడిగుడ్డతో ఆ క్లీనర్ కూడా మిగలకుండా తీసి, వెంటనే పొడిగా ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి. ఈరోజే అంత పని సాగకపోతే నీటిని తోసేసే రకం నూనె పూసి ఆమ్లాన్ని కాస్త నిలువరించవచ్చు, కానీ శుభ్రపరచడం తప్పినట్టు కాదు. లేత్ గేర్లుండే హెడ్‌స్టాక్ పెట్టెలోని నూనె కొంచెం తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీరు కలిసినట్టే, మొత్తం మార్చాలి.

మొదటి శ్రోత: ఇదంతా చేశాక, పక్క షెడ్డు కేబులుతో నడుపుకోవచ్చు కదా సార్?

నిపుణుడు: మీరు మళ్లీ కేబులు దగ్గరికే వచ్చారు! ఆర్డరు ఒత్తిడి నాకు అర్థమవుతుంది, కానీ అడ్డు కేబులు ఒక్కటే కాదు. మోటారు వైండింగుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్‌ను 500 వోల్టుల డీసీ మెగ్గర్‌తో కొలవాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపితే దానికి కరెంటు ఇవ్వనే కూడదు, ఐదు దాటితే కొంత నిశ్చింతగా ఉండవచ్చు. తక్కువ వస్తే మోటారు విప్పించి, శుభ్రం చేయించి, వైండింగు ఆరబెట్టించి మళ్లీ కొలిపించండి. మీ లేత్‌కు వేగం మార్చే డ్రైవ్ ఉందా?

మొదటి శ్రోత: ఉంది సార్, రెండేళ్ల క్రితం పెట్టించాను.

నిపుణుడు: అయితే మెగ్గర్ పెట్టేముందు మోటారు తీగలను డ్రైవ్ నుంచి పూర్తిగా విడదీయాలి, లేకపోతే ఆ వోల్టేజీకి డ్రైవ్ పోతుంది. దాని కెపాసిటర్లలో కరెంటు తీసిన తర్వాత కూడా చార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి, మూత మీద రాసినంతసేపు ఆగి, కొలిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆ బోర్డుల మీద మసి ఉంటే ఒక్కసారి ఆన్ చేసి చూద్దామని కూడా అనుకోకండి. మసి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఇవన్నీ తేలాక, పక్క షెడ్డు కేబులు సైజు, కరెంటు పరిమితి మించితే తనంతట తానే పడిపోయే దాని ఎంసీబీ స్విచ్చు, ఎర్తింగు సరిపోతాయో లేదో అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ తేల్చాలి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తర్వాతి శ్రోత.

రెండో శ్రోత: నమస్కారం. మా గ్యాస్ కటింగ్ షాపులో నిన్న సాయంత్రం స్విచ్ బోర్డు కాలింది. పక్కనే ఉన్న ఎసిటిలీన్ సిలిండర్ రంగు ఒకవైపు పొక్కిపోయింది. వాల్వు తెరిచి గ్యాసు ఉందో లేదో చూసి...

నిపుణుడు: ఆగండి, వాల్వు ముట్టుకోకండి. మీరు ఇప్పుడు ఎక్కడున్నారు?

రెండో శ్రోత: షాపులోనే ఉన్నాను.

నిపుణుడు: వెంటనే బయటికి వెళ్లండి, అందరినీ దూరంగా పంపించండి. వేడి తగిలిన ఎసిటిలీన్ మంట ఆరిన తర్వాత కూడా సిలిండర్ లోపల తనంతట తాను విచ్ఛిన్నమవుతూ వేడెక్కుతుంది. దాన్ని కదిలించకూడదు. అగ్నిమాపక సిబ్బందికి ఫోను చేసి, ఎసిటిలీన్ సిలిండర్‌కు మంట తగిలిందని ఆ మాటే చెప్పండి. మిగతా ప్రశ్నలు తర్వాత అడగవచ్చు, ముందు నా ఫోను పెట్టేయండి.

వ్యాఖ్యాత: వారు లైను వదిలారు. తర్వాతి శ్రోత, చెప్పండి.

మూడో శ్రోత: సార్, మా ప్యానెల్ కాలిపోతున్నా ఎంసీబీ పడలేదు. అది పాడైనదని అనుకోవచ్చా?

నిపుణుడు: అలా అనుకోనక్కర లేదు. ఎంసీబీ చూసేది తనలో ప్రవహించే కరెంటును మాత్రమే, స్క్రూ కింద పుట్టే వేడిని కాదు. వదులైన ఒక జాయింటులో నిరోధం ఓమ్‌లో పదో వంతు ఉందనుకోండి. దానిలో 30 ఆంపియర్లు పోతుంటే అక్కడ 90 వాట్ల వేడి పుడుతుంది. పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ టెర్మినల్‌కు ఆనించి రోజంతా వదిలేసినట్టు ఉంటుంది. కరెంటు మాత్రం పరిమితి లోపే ఉంటుంది కనుక ఎంసీబీకి ఏమీ తెలియదు. ప్యానెల్ ఎక్కడ ఉండేది?

మూడో శ్రోత: గ్రైండర్ వెనక గోడకు, మూత లేకుండా ఉండేది.

నిపుణుడు: గ్రైండింగు నుంచి లేచిన లోహపు పొడి టెర్మినళ్ల మధ్య పేరుకుని దారి ఏర్పరుస్తుంది. కొత్త ప్యానెల్‌ను గ్రైండరుకు దూరంగా, ధూళి చొరని మూతతో పెట్టించండి. వెల్డింగ్ రిటర్న్ క్లాంప్‌ను దొరికిన ఇనుముకు తగిలించే అలవాటు కూడా మానాలి. పని చేసే ముక్కకే తగిలించకపోతే, వెల్డింగ్ కరెంటు ఎర్తు తీగ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.

నాలుగో శ్రోత: బీమా వారు వచ్చి చూసేవరకు ఏదీ ముట్టుకోకూడదంటున్నారు సార్. ఈలోపు మిషన్లు తుప్పు పట్టిపోతే ఎలా?

నిపుణుడు: ముందు అన్నిటికీ ఫోటోలు తీయండి, మిషన్ల సీరియల్ నంబర్లు కనబడేలా తీయండి. నష్టం పెరగకుండా నూనె పూస్తున్నామని బీమా వారికి రాతపూర్వకంగా తెలియజేసి ఆ పని చేయండి. నష్టం పెరగనివ్వకుండా చూసుకోవడం మామూలుగా బీమా తీసుకున్నవారి బాధ్యతే. కాలిన ప్యానెల్‌ను, తీగల ముక్కలను మాత్రం పారేయకండి. కారణం తేల్చేది అవే.

వ్యాఖ్యాత: ఇందాకటి లేత్ శ్రోత మళ్లీ చేశారు. ఒక్క నిమిషమే ఉంది, చెప్పండి.

మొదటి శ్రోత: సార్, మా ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసి అడిగాను. మోటారును నిన్ననే మల్టీమీటర్‌తో చూశాడట, బాడీకి షార్టు లేదంటున్నాడు. అది సరిపోతుంది కదా?

నిపుణుడు: సరిపోదండి. మల్టీమీటర్ కొలిచేది లోపలి బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులతో. తడిసిన ఇన్సులేషన్ ఆ కొద్ది వోల్టులకు బాగానే ఉన్నట్టు కనబడి, అసలు కరెంటు ఇచ్చాక తెగిపోతుంది. ఆయన్ని మెగ్గర్ తెచ్చుకోమనండి. వచ్చేటప్పుడు డ్రైవ్ తీగలు విప్పాలని కూడా గుర్తుచేయండి.

మొదటి శ్రోత: మరి ఆ షాఫ్టులు సార్?

నిపుణుడు: అవి ఈరోజే తుడిచి నూనె రాసి పక్కన పెట్టుకోండి, గుంటలు పడకపోతే ఫినిషింగు కోతలో మచ్చలు పోతాయి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ఇంజనీరు గారికీ, ఫోను చేసిన వారందరికీ ధన్యవాదాలు.