ఎముక అతికింది, చెయ్యి మాత్రం మండుతూనే ఉంది

పాడ్‌కాస్ట్ ట్రాన్స్‌క్రిప్ట్. మాట్లాడేవాళ్ళు ఇద్దరు: నొప్పి వైద్యం చేసే డాక్టర్, చేతులకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్ట్.

ఫిజియో: డాక్టరు గారూ, ఇవాళ దెబ్బ మానినా నొప్పి తగ్గని జబ్బు సీఆర్‌పీఎస్ ఒక్కటే మాట్లాడుకుందాం. దాని మీద కేసు రిపోర్టులు తిరగేస్తే ఇంచుమించు ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. యాభైకి అటూఇటూ వయసున్న ఆవిడ, తడి గచ్చు మీద జారి అరచెయ్యి ఆన్చి పడింది. మణికట్టు విరిగింది, ఆరు వారాలు సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పేసరికి ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికి ఉంది. చెయ్యి మాత్రం ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతోంది, చీర చెంగు తగిలినా భగ్గుమంటోంది.

డాక్టర్: ఇంట్లోవాళ్ళు నీరు పట్టిందంటారు, వాతమంటారు. ఎక్స్‌రే చూసినవాళ్ళేమో "అంతా బాగానే ఉందమ్మా, నువ్వే భయపడుతున్నావు" అని పంపించేస్తారు. అక్కడే విలువైన వారాలు పోతాయి. దీని పూర్తి పేరు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుండ్లు తగిలిన సైనికుల్లో ఈ మంటను వియర్ మిచెల్ అనే డాక్టర్ వర్ణించాడు. 1900లో జర్మనీ సర్జన్ జూడెక్, దెబ్బ తగిలిన చోట ఎముక పలచబడటాన్ని రాశాడు. ఇప్పటి పేరు 1994లో వచ్చింది. ఫలానా నరం దెబ్బతిందని తేలితే రెండో రకం, తేలకపోతే మొదటి రకం.

ఫిజియో: దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఉందా అని అందరూ అడుగుతారు.

డాక్టర్: లేదు. బుడాపెస్ట్ ప్రమాణాలనే లక్షణాల జాబితాయే ఆధారం. దెబ్బ స్థాయిని మించిన నొప్పి ఆగకుండా ఉండాలి. తర్వాత నాలుగు వర్గాలు చూడాలి. ఒకటి స్పర్శ: ముట్టుకుంటే నొప్పి. రెండు రంగు, వేడి: రెండు చేతుల మధ్య తేడా. మూడు వాపు, చెమట. నాలుగు కదలిక, చర్మం, గోళ్ళు, వెంట్రుకల్లో మార్పు. వీటిలో కనీసం మూడింట్లో రోగి చెప్పే లక్షణాలుండాలి, పరీక్ష చేసేటప్పుడు కనీసం రెండింట్లో డాక్టర్ కంటికి కనబడాలి. చివరిది అన్నిటికన్నా ముఖ్యం: దీన్ని ఇంకే జబ్బూ వివరించకూడదు.

ఫిజియో: అంటే ముందు ఏవేవి కాదని తేల్చుకోవాలి?

డాక్టర్: ఇన్ఫెక్షన్. సీఆర్‌పీఎస్‌లో సాధారణంగా, ఇన్ఫెక్షన్‌లో పెరిగే రక్తపరీక్ష అంకెలైన సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పెరగవు. పెరిగాయంటే, జ్వరం కూడా ఉందంటే వేరే దారి వెతకాలి. రక్తనాళంలో గడ్డ ఉందేమో చూడాలి. మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోయిందేమో చూడాలి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళు మొద్దుబారితే అది ఆ నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ జబ్బు కావచ్చు, నరాన్ని విడిపించకుండా మిగతావన్నీ చేసినా లాభం ఉండదు. బోన్ స్కాన్ తోడు సాక్ష్యం మాత్రమే. స్కాన్ మామూలుగా వచ్చినా జబ్బు లేదని చెప్పలేం.

ఫిజియో: నా లెక్కలో అసలు పొరపాటు కట్టు ఉన్న ఆ ఆరు వారాల్లోనే జరుగుతుంది. కట్టు బిగుతుగా ఉందని రోగి మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంటుంది. వేళ్ళు కదిపితే ఎముక జరుగుతుందేమోనని ఇంట్లోవాళ్ళు కదపనివ్వరు. గుడ్డ ఉయ్యాల మెడకు కట్టి చేతిని కిందికి వదిలేస్తారు.

డాక్టర్: మొదటి వారంలోనే జరగబోయేది పసిగట్టవచ్చు. విరిగిన వారం లోపు "గత రెండు రోజుల్లో సగటున నొప్పి పదికి ఎంత?" అని అడగండి. 5 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ చెబితే ఆ మనిషి మీద కన్నేసి ఉంచాలి. 2014లో మోజ్లీ అనే పరిశోధకుడి బృందం మణికట్టు విరిగినవాళ్ళను గమనించి చెప్పిన సంగతి ఇది. బిగుతు అంటే నమ్మి కట్టును కోసి సడలించాలి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి.

ఫిజియో: కట్టు ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. ఉంగరాలు మొదటి రోజే తీసెయ్యాలి. పడుకున్నప్పుడు దిండు మీద చెయ్యి గుండెకన్నా ఎత్తులో పెట్టాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది సార్లు పిడికిలి బిగించి, వేళ్ళు పూర్తిగా చాపాలి. మోచెయ్యి, భుజం కట్టులో లేవు కదా, వాటినీ అన్ని వైపులా తిప్పాలి. విటమిన్ సి సంగతి మీరు చెప్పండి.

డాక్టర్: రోజుకు 500 మిల్లీగ్రాములు, 50 రోజులు. నెదర్లాండ్స్ పరిశోధనల్లో సీఆర్‌పీఎస్ తగ్గింది, తర్వాతి ఒక పెద్ద పరీక్షలో తేడా కనబడలేదు. చవకైనది కాబట్టి చాలామంది ఇస్తారు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు అడగకుండా వాడొద్దు. వేళ్ళు కదపకుండా బిళ్ళ ఒక్కటే మింగితే నాకు దాని మీద నమ్మకం లేదు.

ఫిజియో: సరే, జబ్బు వచ్చేసింది. ఇక మంచు ముక్కలు వద్దు. చాలామందికి చలి నొప్పిని పెంచుతుంది. నొప్పి ఉన్న చేతిని గట్టిగా పట్టుకుని బలవంతంగా వంచే మర్దనలూ వద్దు. స్పర్శకు అలవాటు చెయ్యడంతో మొదలుపెడతాం. మెత్తని పట్టు గుడ్డ, తర్వాత పాత నూలు చీర, తర్వాత తువ్వాలు, చివరికి కొంచెం గరుకు గోనె. ఒక్కోటి ఐదేసి నిమిషాలు, రోజుకు ఐదు సార్లు. చేతి మీద రుద్దడం రోగే చెయ్యాలి, ఇంకొకళ్ళు కాదు. పట్టు గుడ్డ రెండు రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తేనే తర్వాతిదానికి వెళ్ళాలి.

డాక్టర్: అద్దం చికిత్స?

ఫిజియో: నేరుగా అద్దం ముందు కూర్చోబెడితే కొందరికి నొప్పి పెరుగుతుంది. అందుకే మూడు మెట్లు, ఒక్కో మెట్టుకు రెండు వారాల చొప్పున. మొదట ఫోన్‌లో రకరకాల భంగిమల్లో ఉన్న చేతుల ఫొటోలు చూసి, ఎడమా కుడా అని వెంటనే చెప్పాలి. పదింట ఎనిమిది సరిగ్గా చెబుతూ ఒక్కోదానికి రెండు సెకన్లకు దగ్గరగా వస్తే రెండో మెట్టు: చెయ్యి కదపకుండా, కదుపుతున్నట్టు మనసులో ఊహించుకోవడం. మూడోది అద్దం. ఎత్తు అడుగు, పొడవు అడుగున్నర ఉన్న మామూలు అద్దం చాలు. రెండు చేతుల మధ్య, ఛాతీకి ఎదురుగా నిలబెట్టాలి, నొప్పి చెయ్యి అద్దం వెనక ఉండాలి. మంచి చేతికున్న గాజులు, వాచీ తీసెయ్యాలి. ప్రతిబింబంలో కనబడేది నొప్పి చెయ్యేనని మెదడు నమ్మాలి కదా, గాజులు కనబడితే ఆ నమ్మకం తెగిపోతుంది. మొదటి రోజు ఊరికే చూడటం. తర్వాత మంచి చేతిని నెమ్మదిగా కదపడం, ఐదేసి నిమిషాలు. కళ్ళు తిరిగినా, నొప్పి పెరిగినా ఒక మెట్టు వెనక్కి.

డాక్టర్: మరి బరువు వేయించే వ్యాయామం?

ఫిజియో: వాట్సన్, కార్ల్‌సన్ 1987లో రాసిన పద్ధతి. బట్టలు రుద్దే బ్రష్ ఇచ్చి, మోకాళ్ళ మీద వంగి, మోచెయ్యి చాపి, భుజం సరిగ్గా చేతి పైకి వచ్చేలా ఆనుకుని పలక మీద రుద్దమంటాం. మూడు నిమిషాలు, రోజుకు మూడు సార్లు. తర్వాత ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఏడు. నడిచేటప్పుడు ఆ చేతిలో చిన్న సంచి పట్టుకోవాలి, అరకిలోతో మొదలుపెట్టి రెండు కిలోల దాకా. మొదటి కొన్ని రోజులు నొప్పీ వాపూ పెరుగుతాయని ముందే చెప్పాలి. చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు.

డాక్టర్: మందులంటారా, నా దృష్టిలో ఏ మందు పనైనా ఈ వ్యాయామానికి వీలు కల్పించడమే. తొలి వారాల్లో, వాపూ వేడీ ఉన్నప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. లక్నోలోని సంజయ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పక్షవాతం తర్వాత వచ్చిన సీఆర్‌పీఎస్‌లో రోజుకు 40 మిల్లీగ్రాములు 14 రోజులిచ్చి, తర్వాత వారానికి 10 చొప్పున తగ్గించారు. 2006లో అచ్చయిన ఆ పరీక్షలో పైరాక్సికామ్ అనే నొప్పి మందుకన్నా చాలా ఎక్కువమందికి గుణమిచ్చింది. షుగరున్నవాళ్ళకు ఇస్తే రోజూ చూసుకోవాలి, ఒక్కసారిగా ఆపకూడదు. రాత్రి నిద్ర పట్టనివాళ్ళకు ఆమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ ఇచ్చేముందు మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ చూడాలి, మూత్రపిండాలు సరిగ్గా లేకపోతే మోతాదు తగ్గించాలి. ఎముక పలచబడితే ఎముక అరుగుదలను ఆపే బిస్ఫాస్ఫోనేట్లు, అయితే ముందు పళ్ళు చూపించుకోవాలి. ఆ బిళ్ళలు వేసుకున్నాక అరగంట నిటారుగా ఉండకపోతే అన్నవాహిక పుండు పడవచ్చు.

ఫిజియో: మెడలో ఇంజక్షన్ అంటే భయపడిపోతారు.

డాక్టర్: దాన్ని స్టెలేట్ గాంగ్లియన్ బ్లాక్ అంటాం, మెడలోని ఒక నరాల ముడిని కాసేపు మొద్దుబార్చడం. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆరో మెడ వెన్నుపూస దగ్గర మత్తుమందు ఇస్తాం. ఆ వైపు కనురెప్ప వాలుతుంది, గొంతు బొంగురుపోవచ్చు, అవి కొద్ది గంటల్లో సర్దుకుంటాయి. రెప్ప వాలి, చెయ్యి కూడా వెచ్చబడితే మందు సరైన చోట పడినట్టు. రెప్ప వాలినా చెయ్యి వేడెక్కకపోతే చేతికి వెళ్ళే నరాలదాకా అందలేదన్నమాట. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి. ఒకే రోజు రెండు వైపులా చెయ్యం. బ్లాక్ ఇచ్చి ఇంటికి పంపేస్తే దాన్ని వృథా చేసినట్టే. చెయ్యి వెచ్చగా, నొప్పి తక్కువగా ఉన్న ఆ గంటల్లోనే మీ దగ్గరికి రావాలి.

ఫిజియో: వచ్చినవాళ్ళకు నేను ముందు స్కేలు తీస్తాను. పిడికిలి బిగించమని, మధ్యవేలి కొనకూ అరచేతి మధ్య గీతకూ దూరం కొలుస్తాను. ఇంట్లో కూడా ప్రతి ఆదివారం ఒకే వేళకు కొలిచి క్యాలెండర్ మీద రాయమంటాను. నొప్పి అంకె రోజుకోలా మారుతుంది గానీ, ఈ సెంటీమీటర్లు అంత తొందరగా మారవు. వరసగా రెండు ఆదివారాలు దూరం తగ్గకపోతే, ఆ కాగితం పట్టుకుని మన ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గరికి రావాలని చెబుతాను.

డాక్టర్: ఆ కాగితం మీద మందుల పేర్లు కూడా రాయించండి. ఎప్పుడు ఏది పెంచామో కొలతల పక్కనే కనబడాలి.