కాల్చే ఆటా? కాపు కాసే ఆటా?

(తిరుపతిలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: బైరాగిపట్టెడలో గేమింగ్ సెంటర్ నడిపే ఆయన, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి, సైన్యంలో రిటైరై చంద్రగిరిలో ఉంటున్న సుబేదార్ గారు, ఇంటర్ చదివే కొడుకున్న ఒక టీచరమ్మ.)

వ్యాఖ్యాత: నమస్కారం. పోయిన వారం మా కెమెరా కుర్రాడు డ్యూటీకి గంట ఆలస్యంగా వచ్చాడు. ఏమప్పా అని అడిగితే, "ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరుక్కుపోయినా సార్" అన్నాడు. ఇవాల్టి చర్చ అట్లా పుట్టింది. వాడు ఇరుక్కుపోయింది ఒక వీడియో గేమ్‌లో. ఆట పేరు మెటల్ గేర్ సాలిడ్ ఫైవ్, ది ఫాంటమ్ పెయిన్. 2015 సెప్టెంబరు 1న వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా దీన్ని వదలనివాళ్లు ఉన్నారు. అన్నా, మీ సెంటర్‌లో ఏం చూస్తున్నారు?

సెంటర్ యజమాని: మా దగ్గరికి ఎక్కువమంది వచ్చేది జట్టుగా కాల్చుకునే ఆటలకే. అరగంటలో ఎవడు గెలిచిందీ తేలిపోతుంది, అరుపులు, కేకలు. ఇది ఆడేవాళ్లు తక్కువ. కానీ కూర్చుంటే లేవరు. ఒక వింత చెప్తాను, వాళ్ల సీటు దగ్గర మౌస్ చప్పుడే వినపడదు. కొండ మీద బోర్లా పడుకుని, బైనాక్యులర్స్‌తో కింద క్యాంపును చూస్తా ఉంటారు. పక్క సీటువాడు "ఏందిరా, హ్యాంగ్ అయిందా?" అని అడుగుతాడు.

విద్యార్థిని: అన్నా, మీరు హ్యాంగ్ అంటున్నారే, అదే సార్ అసలు ఆట. 1984, సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో ఉన్న కాలం. తర్వాత కథ ఆఫ్రికాలో అంగోలా, జైర్ (ఇప్పటి కాంగో) సరిహద్దుకు పోతుంది. ఫలానా మనిషిని విడిపించుకుని రా అంటుంది ఆట, అంతే. ఏ పక్క నుంచి పోవాలి, పగలా రాత్రా, గుర్రం మీదా నడిచా, అంతా మన ఇష్టం. ఇసుక తుఫాను లేచిందంటే ఎదురుగా మనిషి కనపడడు. ఒకసారి నేను గేటు పక్కనే నక్కి ఉంటే తుఫాను వచ్చింది. నేరుగా గేటులోంచే నడుచుకుంటా పోయాను. ఆ పది సెకన్లు ఎవరూ నాకోసం రాసిపెట్టినవి కావు. అందుకే ఇప్పటికీ గుర్తున్నాయి.

వ్యాఖ్యాత: సిపాయిలు తెలివిగా ఉంటారంట కదా?

విద్యార్థిని: తెలివి అనను సార్. జ్ఞాపకం. నేను అలవాటు కొద్దీ తలకే గురి పెట్టేదాన్ని. కొన్నాళ్లకు క్యాంపుల్లో హెల్మెట్లు వచ్చాయి. సరే, రాత్రి పోదాం అనుకున్నా. ఎక్కువగా రాత్రే పోతుంటే నైట్ విజన్ అద్దాలు పెట్టుకున్నారు. నా అలవాటే తిరిగి నాకు అడ్డమొచ్చింది.

సుబేదార్: ఇది మాత్రం నిజం తల్లీ. పెట్రోలింగ్‌కు రోజూ ఒకే దారిన, ఒకే టైముకు పోవద్దని మాకు మొదట్లోనే నూరిపోస్తారు. అవతలివాడు చూసేది నీ తుపాకీని కాదు, నీ అలవాటును.

సెంటర్ యజమాని: ఇంకోటి ఉంది సార్. మన తిరుపతి వాళ్లకు బాగా ఎక్కేది. మొదట్లో రష్యన్ సిపాయిలు మాట్లాడుకునేది మనకు అర్థం కాదు. కింద అక్షరాలు కూడా రావు. రష్యన్ తెలిసిన దుబాసీని పట్టుకొచ్చి మన బేస్‌లో, అంటే ఆటలో మన స్థావరంలో, చేర్చుకుంటేనే అర్థమవుతుంది. ఆఫ్రికాకు పోతే మళ్లీ ఆఫ్రికాన్స్, కికోంగో భాషలు. మా సెంటర్‌లో ఒక పిల్లోడు అన్నాడు, "అరవం రాకుండా బస్టాండ్ దగ్గర అంగడి పెట్టిన మాదిరి ఉంది" అని.

(స్టూడియోలో నవ్వులు. నేను కూడా బాగా నవ్వాను. ఈ ఆట గురించి నేను విన్న మాటల్లో ఇదే సరైనది అనిపించింది.)

టీచర్: నవ్వు సరే. నేనొకటి అడగాలి. ఆ డబ్బా మీద యూరప్ వాళ్ల వయసు గుర్తు 18 అని ఉంటుంది. నా కొడుక్కి 16. మీ సెంటర్‌లో వయసు అడుగుతారా?

సెంటర్ యజమాని: అడిగితే పక్క సెంటర్‌కు పోతారు మేడమ్.

టీచర్: అంటే అడగరు.

సెంటర్ యజమాని: ...అడగం మేడమ్.

టీచర్: తుపాకీ ఒక్కటే నా భయం కాదు. ఆగాల్సిన చోటు లేకపోవడం. క్రికెట్‌కు ఆఖరి బంతి ఉంటుంది. వీడు "ఈ క్యాంప్ ఒక్కటేనమ్మా" అంటాడు, దాని పక్కన ఇంకో క్యాంప్ ఉంటుంది. ఆటలో ఆ హీరో ఒక సిగార్ తాగితే రాత్రి పోయి పగలవుతుందంట. మా ఇంట్లో ఏ సిగారూ లేకుండానే తెల్లారుతోంది. ముందర ఎంట్రన్స్ పరీక్ష ఉంది, నాకు టెన్షన్.

విద్యార్థిని: మేడమ్ చెప్పింది ఒప్పుకుంటాను. నేనూ ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నా. కానీ ఒక మాట. ఇందులో చంపకుండా ఆడొచ్చు. మత్తు తుపాకీతో పడుకోబెట్టి, బెలూన్ కట్టి పైకి పంపేస్తాం. మనిషి, గొర్రె, జీపు, ఏదైనా సరే. గొర్రె అరుచుకుంటా ఆకాశంలోకి పోతుంది.

సుబేదార్: ఆ బెలూన్ పూర్తిగా కట్టుకథ కాదు. 1950లలో అమెరికాలో రాబర్ట్ ఫుల్టన్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి. కింద మనిషికి కట్టిన తాడును బెలూన్ పైకి లేపితే, విమానం వచ్చి ఆ తాడును తగిలించుకుని ఎత్తుకుపోయేది. నాకు నచ్చనిది వేరే. అట్లా పైకి పోయిన శత్రువు కొద్దిసేపటికే మీ బేస్‌లో మీకు సెల్యూట్ కొడతాడంట. మనసు మారడానికి బెలూన్ చాలదమ్మా.

విద్యార్థిని: అది ఆట తప్పే సార్. కానీ అణుబాంబు సంగతి వినండి. ఆన్‌లైన్‌లో ఎవరి బేస్‌లో వాళ్లు బాంబు తయారుచేసుకోవచ్చు. అందరూ తమ బాంబులు తీసేస్తేనే కనపడే ఒక దృశ్యం అందులో దాచారు.

సుబేదార్: తీశారా మరి?

విద్యార్థిని: నేనైతే తీసేశా సార్. తీసిన వాళ్లుండగానే కొత్తగా చేసేవాళ్లు ఉంటారు.

సుబేదార్: అది ఆట కాదులే తల్లీ, పేపర్లో వార్త.

వ్యాఖ్యాత: కథ సగంలో ఆగినట్టు ఉంటుందని, రెండో భాగంలో పాత మిషన్లనే కష్టం పెంచి మళ్లీ ఇచ్చారని చాలామంది తిట్టారు. నేను కూడా ఆ భాగంలోనే వదిలేశాను. దర్శకుడు కొజిమా అదే ఏడాది చివర్లో కొనామి కంపెనీ నుంచి బయటికి వచ్చేశాడు. దాని మీద ఇంకో రోజు మాట్లాడదాం. సుబేదార్ గారూ, నిన్న సాయంత్రం మిమ్మల్ని గంటసేపు ఆడించాం. ఎట్లా ఉంది?

సుబేదార్: కొండ ఎక్కించారు, దిగించారు, పరిగెత్తించారు. ఆ ఎండలో, అంత సామాను మోస్తూ. నేను వెతుకుతా ఉన్నా, వాడి వాటర్ బాటిల్ ఎక్కడ?

విద్యార్థిని: దాహం ఉండదు సార్. కానీ చాలారోజులు స్నానం చేయకపోతే ఈగలు ముసురుతాయి. బేస్‌కు పోయి స్నానం చేయించాలి.

సుబేదార్: స్నానానికి నీళ్లుండి, తాగడానికి లేవా?

సెంటర్ యజమాని: అచ్చం మా వీధి మాదిరే సార్.