అడుగు పడనివ్వనిది ఏది?

యాంకర్: ప్రకృతి సేద్యంలోకి రమ్మని ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వమే చెబుతోంది. అయినా చాలామంది గట్టు మీదే ఆగిపోతున్నారు. ఎందుకంటారు?

కౌలు రైతు: ఇష్టం లేక కాదమ్మా. నేనూ ఒక ఏడాది చేశాను. మట్టి గుల్లబారింది, వానపాములు కనపడ్డాయి. మరుసటేడు ఆ చేను ఇంకొకరికి కౌలుకిచ్చారు. నేల కోలుకోవడానికి మూడేళ్లు పడితే, ఏడాది కౌలుదారు ఏం చేస్తాడు?

సైకాలజీ అధ్యాపకురాలు: సైకాలజిస్టు కర్ట్ లెవిన్ చెప్పింది ఇదే. ముందుకు తోసే బలాలు, వెనక్కి లాగే బలాలు సరితూగిన చోట మనిషి ఆగిపోతాడు. మనమేమో తోయడమే పెంచుతాం. మీటింగులు, టార్గెట్లు! దాంతో టెన్షన్ పెరుగుతుంది. లాగేదాన్ని వదులు చేయాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన చేసిన ప్రయోగం చూడండి. అమెరికాలో గుండె, కిడ్నీల్లాంటి మాంసం వండమని గృహిణులకు లెక్చర్లిస్తే 3 శాతం మందే వండారు. కలిసి మాట్లాడుకుని తామే నిర్ణయించుకున్న వాళ్లలో 32 శాతం వండారు. వాసన వస్తుందేమో, ఇంట్లో తినరేమో అన్న భయాలు ఆ మాటల్లోనే బయటపడ్డాయి.

పొదుపు సంఘం లీడర్: మమ్మల్ని అలా ఎవరు అడిగారండీ? ఎరువుల బదులు పొలానికి పోసే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. నీళ్లు మోసేది, పూటపూటా కలియబెట్టేది ఆడవాళ్లం. మీటింగులో సరేనని వచ్చేది మగవాళ్లు. మా సంఘంలో ఆవులున్న రెండిళ్ల వాళ్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాకే మిగతావాళ్లు కదిలారు.

కౌలు రైతు: అప్పు సంగతీ చెప్పాలి. కొట్టాయన యూరియా, పురుగుమందు అరువిస్తాడు, పంటొచ్చాక కడతాం. బెల్లానికి చేతిలో డబ్బుండాలి కదా.

యాంకర్: 2019లో కౌలు రైతుల కోసం పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే సాగుదారు కార్డుంటే బ్యాంకు అప్పు దొరకాలి...

కౌలు రైతు: ఆ కార్డుకు యజమానితో రాసుకునే ఒప్పందం 11 నెలలకేనమ్మా. దానికీ యజమాని సంతకం కావాలన్నారు. మా ఆసామి పెట్టలేదు. పొలం పోతుందని ఆయన భయం. ఆయన్నీ తప్పుపట్టను, ఉన్నదే రెండెకరాలు.

అధ్యాపకురాలు: చూడండి, అసలు పట్టు అక్కడుంది. రైతుకు ఎన్ని క్లాసులు చెప్పినా ఆ భయం తగ్గదు. ఆసామిని ఎప్పుడైనా పిలిచి కూర్చోబెట్టారా?

సంఘం లీడర్: లేదండీ. ఈసారి కౌళ్లు మాట్లాడుకునే ముందే పిలుస్తాం. మూడేళ్లకిమ్మని నలుగురిలో అడుగుతాం.