512 జీబీ కొంటే 476 ఏంటి? బిట్, బైట్, జీబీల లెక్క

[స్క్రీన్ మీద: ల్యాప్‌టాప్ డబ్బా మీద ‘512 జీబీ’ స్టిక్కర్, పక్కనే ‘దిస్ పీసీ’ విండో]

డబ్బా మీద 512 అని ఉంది. ఇంటికొచ్చి తెరిస్తే 476, ఒక్కోసారి ఇంకొంచెం తక్కువే. షాపువాడు ముంచాడనుకోకండి. మీ డిస్కు మీకు పూర్తిగానే వచ్చింది. మానిక తేడా, అంతే. అదేంటో చూడాలంటే ముందు ఒక్క బైటు చూడాలి.

[స్క్రీన్ మీద: ఖాళీ నోట్‌ప్యాడ్]

నోట్‌ప్యాడ్ తెరిచి ‘అమ్మ’ అని తెలుగులో కొట్టండి. ఎంటర్ నొక్కొద్దు, నొక్కితే ఇంకో 2 బైట్లు చేరతాయి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఉండాలి. అక్కడ ఏఎన్ఎస్ఐ ఉంటే మళ్లీ తెరిచినప్పుడు అమ్మ బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఇప్పుడు ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. ‘సైజ్’ అన్న వరస చూడండి, దాని కింద ఉన్న ‘సైజ్ ఆన్ డిస్క్’ కాదు.

12 బైట్లు.

కంటికి కనిపించేవి రెండక్షరాలే కదా! కంప్యూటర్ మాత్రం నాలుగు దాచుకుంది: అ, మ, పొల్లు, మళ్లీ మ. మకారం కింద మనం చూసే ఒత్తు ఆ చివరి రెండూ కలిసి పుట్టిందే. నమ్మకం లేకపోతే చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టండి, ‘అమ్’ మిగులుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, నాలుగు మూళ్లు 12. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 4 బైట్లతో సరి. ఒక్కో బైటులో 8 బిట్లు ఉంటాయి, బిట్ అంటే 0 గానీ 1 గానీ.

[స్క్రీన్ మీద: క్యాలిక్యులేటర్]

ఇక అసలు తగాదా. డిస్కు తయారుచేసేవాళ్లకు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ వెయ్యి బదులు 1024తో మూడుసార్లు హెచ్చవేస్తుంది: 1024 × 1024 × 1024. అంటే 107,37,41,824 బైట్లు అయితేనే దానికి ఒక జీబీ. 512ను 100 కోట్లతో హెచ్చవేసి, ఆ పెద్ద అంకెతో భాగించండి. 476.8 వస్తుంది. 1 టీబీ డిస్కు 931 అని కనిపించేదీ ఇందుకే. ఆ పైన రికవరీకి పక్కన పెట్టిన భాగం ఉంటుంది, సీ డ్రైవ్‌లో ఇంకాస్త తగ్గుతుంది. మ్యాక్ 2009 నుంచి వెయ్యి లెక్కే వాడుతోంది, అందులో 512 డిస్కు 512గానే కనిపిస్తుంది. విండోస్ కూడా ఆ పని చేసి ఉంటే ఈ వీడియో సగానికి తగ్గేది!

ర్యామ్‌కు, అంటే తెరిచి ఉన్న పనులు తాత్కాలికంగా ఉండే చోటుకు, ఈ గొడవ లేదు, దాన్ని చేయడమే 1024 లెక్కలో చేస్తారు. 8 జీబీలో 7.8 మాత్రమే వాడుకోవచ్చని చూపిస్తే, మిగతాది ఎక్కువగా గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టిందే. ఇంకోటి: ‘మెమరీ ఫుల్’ అని వస్తే ఫొటోలు తుడిచేస్తూ కూర్చోకండి, ముందు అది ర్యామా, డిస్కా చూడండి. ర్యామ్ నిండితే తెరిచి ఉన్న ట్యాబులు మూయాలి.

నెట్ స్పీడు మాత్రం బిట్లలో చెబుతారు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, దాన్ని 8తో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ (మెగాబైట్లు). బ్రౌజర్‌లో 11, 12 కనిపిస్తే లైను బాగానే ఉన్నట్టు.

[స్క్రీన్ మీద: పెన్‌డ్రైవ్, ‘ఫైల్ చాలా పెద్దది’ అన్న హెచ్చరిక]

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ, 5 జీబీ సినిమా ఎక్కదు. ఆ డ్రైవ్ ఫైళ్లు దాచుకునేది ఎఫ్ఏటీ32 అనే పద్ధతిలో అయి ఉంటుంది. అది ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే కేటాయించింది, కాబట్టి 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకానే పడుతుంది. ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. లోపలున్నవన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి, ఫార్మాట్‌తో మొత్తం పోతాయి. డ్రైవ్ మీద రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టమ్‌లో ఎక్స్‌ఫ్యాట్ (దీనికి ఆ 4 జీబీ హద్దు లేదు), స్టార్ట్. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. అలాంటి టీవీలో పెట్టాలంటే ఎఫ్ఏటీ32 అలాగే ఉంచి, 4 జీబీ లోపు ఫైల్ తెచ్చుకోండి.