అప్పాజీ అద్దె అడగని నెల: ‘అమృతం’ మళ్లీ సినిమాగా తీస్తే

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా అక్కని పట్టుకొచ్చాను. పదేళ్లకి పైగా ఎడిటింగ్ రూముల్లోనే ఉంది. మా ఇద్దరి మధ్య చాలా రోజులుగా నలుగుతున్న విషయం ఒకటుంది, అది ఇవాళ మైకు ముందు తేల్చుకుందామని. అమృతం సీరియల్‌ని మళ్లీ సినిమాగా తీస్తే ఎలా తీయాలి?

అక్క: ఎలా తీయాలి అని కాదు కదరా, అసలు తీయాలా వద్దా అని కదా మొదలైంది!

తమ్ముడు: నువ్వేమో ముట్టుకోవద్దు అన్నావు.

అక్క: అన్నాను. ఈ మధ్య యూట్యూబ్‌లో మళ్లీ వరసపెట్టి చూశాక మనసు మారింది. తీయాలి. కానీ పెద్ద సినిమా తీయకూడదు. అదొక్కటే నా పట్టుదల.

తమ్ముడు: ఆగాగు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా వింటుంటారు, వాళ్లకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. 2001 నవంబరులో జెమిని టీవీలో మొదలైంది, 2007 నవంబరు దాకా నడిచింది. మొత్తం 313 ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు కలిసి అమృత విలాస్ అని హోటల్ నడుపుతుంటారు. అమృతం భార్య సంజీవని, అంజి భార్య శాంత. ఇంటి ఓనరు అప్పాజీ. హోటల్లో సర్వం. పోటీ హోటల్ అంబుజనాభంది. అంతే, ఇంతకు మించి లోకం లేదు.

అక్క: ఆ ‘అంతే’ దగ్గరే ఉంది అందమంతా. మన ఇంట్లో ఎలా ఉండేదో గుర్తుందా? ఆదివారం రాత్రి, అన్నాల వేళ. నాన్న నవ్వితే శబ్దం రాదు కదా, భుజాలు మాత్రం ఎగిరేవి. అంజి మొహం తెర మీదకి రాగానే ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. అంజి ఇంకా ఏమీ అనలేదు. అనబోతున్నాడు. అప్పుడే నవ్వు.

తమ్ముడు: అమ్మ ‘అన్నం చల్లారిపోతోంది’ అనేది, తనూ నవ్వుతూనే.

అక్క: నేను ఎడిటింగ్‌లోకి వచ్చాక అర్థమైంది అది ఎందుకో. నవ్వు మాట్లాడేవాడి దగ్గర ఉండదు, వినేవాడి మొహంలో ఉంటుంది. అమృతం తనకొచ్చిన గొప్ప ఐడియా చెబుతూ ఉంటాడు. కెమెరా అంజి మీదకి వెళ్తుంది. ఆ మొహంలో మొదట భయం, తర్వాత సరే అనుకోవడం, ఆ తర్వాత కొంచెం ఆశ కూడా! మూడూ రెండు సెకన్లలో. అంజి వేసిన గుండు హనుమంతరావు గారు నాటకాల నుంచి వచ్చారు కదా, ఎదుటివాడి మాట వినడం వచ్చినవాళ్లకే అది సాధ్యం.

తమ్ముడు: 2018 ఫిబ్రవరిలో ఆయన పోయారు. నిజం చెప్పాలంటే నా టెన్షన్ అంతా అక్కడే అక్కా. ఆయన లేకుండా అంజి ఏమిటి?

అక్క: దానికి వస్తాను. ముందు ఇంకో సంగతి. అమృతం పాత్ర ఎంతమంది వేశారు? శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. హీరో పాత్రలో ముగ్గురు మారారు, అయినా మనం చూడటం మానలేదు. మారినప్పుడు ఒక వారం ఇబ్బందిగా అనిపించింది, తర్వాత అలవాటైపోయింది. అంజి మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే. దీన్నిబట్టి ఆ సీరియల్‌ని నిలబెట్టిన స్తంభం ఎక్కడుందో తెలుస్తోంది కదా.

తమ్ముడు: మరి 2020 ఉగాదికి జీ5లో వచ్చిన కొత్త సిరీస్ ‘అమృతం ద్వితీయం’లో ఎల్.బి. శ్రీరామ్ గారు అంజి వేశారుగా.

అక్క: వేశారు, పైగా తన పద్ధతిలోనే వేశారు. అనుకరించలేదు. నాకు నచ్చింది అదే.

తమ్ముడు: సరే, చంద్రుడి మీదకి వెళ్దామా?

అక్క: వెళ్దాం. 2014లో గంగరాజు గారే దర్శకత్వం వహించి ‘చందమామలో అమృతం’ తీశారు. అవసరాల శ్రీనివాస్ అమృతం. సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ, వాళ్లిద్దరూ సీరియల్‌లో ఉన్నవాళ్లే. చంద్రుడి మీద హోటల్ పెట్టడం కథ. తన సొంత సీరియల్‌ని అంత దూరం విసరడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం నాకిష్టం. కానీ థియేటర్లో కూర్చున్నాక నాకు ఒకటే లోటు. పక్క పోర్షన్ లేదు. గోడకి అవతల ఇంకొకళ్లు లేరు.

తమ్ముడు: గోడ!

అక్క: అవునురా, గోడే. అమృతం ఇంట్లో ఏం జరిగినా అంజికి, శాంతకి తెలిసిపోవాలి. వీళ్లు దాచాలనుకున్నది సరిగ్గా దాచకూడని మనిషి చెవిన పడాలి. అద్దె ఇళ్ల కామెడీ అంతా పల్చటి గోడల మీద నడుస్తుంది. సినిమా అనగానే అందరికీ ‘స్కేల్’ పెంచాలనిపిస్తుంది. ఊరు మార్చు, విదేశం తీసుకెళ్లు, విలన్‌ని పెట్టు, పాటలు పెట్టు. ఈ మనుషులు పెద్ద చోటికి వెళ్తే చిన్నగా అయిపోతారు.

తమ్ముడు: హిందీలో ఖిచిడీ ఉంది కదా. 2010లో దాదాపు అదే నటులతో సినిమా తీశారు, 2023లో రెండోది కూడా తీశారు. వాళ్లకి ఎలా కుదిరింది?

అక్క: ఆ కుటుంబం ఎక్కడికెళ్లినా ఆ కుటుంబమే. ఇల్లుని మోసుకెళ్తారు వాళ్లు. పైగా ఆ నటులు అందుబాటులో ఉన్నారు. మనకి ఆ అదృష్టం లేదు.

తమ్ముడు: అయితే ఇరవై నిమిషాల పైచిలుకు కథకి అలవాటు పడ్డ మనుషుల్ని రెండు గంటలు ఎలా నడపడం? అయిదు ఎపిసోడ్లు అతికిస్తే సినిమా అయిపోదు కదా.

అక్క: అవ్వదు. అసలు చిక్కు అదే. సీరియల్లో ప్రతివారం చివర అంతా మొదటికి వస్తుంది. డబ్బు వచ్చినట్టే వచ్చి పోతుంది, హోటల్ మూతపడబోయి తెరుచుకుంటుంది, వచ్చే ఆదివారానికి ఎవరికీ ఏమీ గుర్తుండదు. మనం కోరుకునేది కూడా అదే, సోమవారం మన బతుకులు ఎలాగూ మారుతాయి, వీళ్లైనా మారకూడదని. సినిమాలో అలా కుదరదు. టికెట్ కొని వచ్చినవాడికి మొదట్లో ఉన్నది చివర్లో ఉండకూడదు. అందుకని నేనేమంటానంటే, ఆ ‘మొదటికి రావడం’ అనేదే ఈసారి ప్రమాదంలో పడాలి.

తమ్ముడు: అంటే?

అక్క: కథ చెప్తాను విను. ఏడాది 2001. ఇప్పటి కాలానికి తీసుకురావద్దు.

తమ్ముడు: ఎందుకు? ఫుడ్ డెలివరీ, రేటింగ్‌లు, అమృత విలాస్‌కి ఒక్క స్టార్ రావడం... బోలెడు కామెడీ ఉంది కదా.

అక్క: ఉంది. అదంతా ద్వితీయం లాంటి సిరీస్‌కి సరిపోతుంది. కానీ ఈ కథలకి ప్రాణం అపార్థం. ఇప్పుడు అపార్థం వస్తే ‘ఎక్కడున్నావ్’ అని ఒక్క మెసేజ్‌తో తేలిపోతుంది. 2001లో సెల్‌ఫోన్ ఉన్నా, మనకొచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. 2003 దాకా అంతే. అప్పుడు మనుషులు ఎత్తకుండా మోగించుకునేవాళ్లు. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు విజిటింగ్ కార్డు మీద పక్కింటి నంబరు వేసి చివర ‘పీపీ’ అని రాసుకునేవాళ్లు.

తమ్ముడు: పీపీ నంబర్! మన పెళ్లి కార్డుల మీద కూడా ఉండేది.

అక్క: ఇప్పుడు ఊహించు. అమృతానికి, అంజికి పీపీ నంబర్ అప్పాజీది. వాళ్ల జీవితంలోకి వచ్చే ప్రతి కబురూ ఓనరు గారి హాల్లో, క్రోషే గుడ్డ కప్పిన ఫోన్ దగ్గర ఆగి, ఆయన చెవిలోంచి, ఆయన నోట్లోంచి రావాలి. బియ్యం కొట్టువాడు బాకీ అడిగినా, ఊళ్లో మామగారు పిలిచినా, అంతా అప్పాజీ మీదుగానే.

తమ్ముడు: ఇది బావుంది.

అక్క: ఒకరోజు ఫోన్ మోగుతుంది. ఈసారి వాళ్లకి కాదు, అప్పాజీకే. ఒక బిల్డరు. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తారా, అపార్ట్‌మెంట్ కడతాం, మీకు రెండు ఫ్లాట్లు. హైదరాబాద్‌లో ఎన్ని పాత ఇళ్లు అలా పోలేదు? పెరట్లో జామచెట్టు, నీళ్ల తొట్టి, రెండు పోర్షన్లు, అన్నీ కలిపి ఒక సెల్లార్ అయిపోయాయి.

తమ్ముడు: అంటే వీళ్లు ఖాళీ చేయాలి.

అక్క: చేయాలి. ఏళ్లతరబడి ‘అద్దె కట్టకపోతే ఖాళీ చేయండి’ అని బెదిరించిన మనిషికి, నిజంగానే ఆ మాట అనాల్సిన రోజు వచ్చింది. అనలేకపోతాడు. గుమ్మం దాకా వస్తాడు, కాఫీ తాగుతాడు, వెళ్లిపోతాడు. ఒకటో తారీకు దాటింది, అయిదు దాటింది, అద్దె అడగలేదు!

తమ్ముడు: అమ్మో. అమృతం భయపడి చస్తాడు.

అక్క: భయపడాలి! అద్దె అడిగే అప్పాజీని తప్పించుకోవడం వాళ్లకి వచ్చు. అడగని అప్పాజీతో ఏం చేయాలో తెలీదు. అంజి అంటాడు, ఆయనకి ఏదో పెద్ద జబ్బని. అమృతం అంటాడు, కాదు, మనకి జబ్బు, ఆ సంగతి ఆయనకి తెలిసింది, ఫోన్ ఆయన దగ్గరికే వస్తుంది కదా. ఇద్దరూ పోటీపడి రక్త పరీక్షలు చేయించుకుంటారు. సంగతి ముందు కనిపెట్టేది శాంత, సంజీవని. ఆ సీరియల్లో నాకు బాగా ఇష్టమైంది ఆడవాళ్ల తెలివి. వాళ్లని కేకలేసే భార్యలుగా కుదించేస్తే నేను ఆ సినిమా చూడను.

తమ్ముడు: సర్వం?

అక్క: బిల్డరు టిఫిన్ తినడానికి అమృత విలాస్‌కే వస్తాడు. తెలియక. సర్వానికి అంతా చెప్పేస్తాడు. ఏ రహస్యాన్నీ కడుపులో దాచుకోలేని సర్వం, ఇంటర్వెల్ దగ్గర్నుంచి ఆ ఒక్కదాన్ని మోస్తూ తిరుగుతాడు. వాసు ఇంటూరి గారు ఉన్నారు కాబట్టి ఆ పాత్ర ఆయనదే. అప్పాజీ శివన్నారాయణ గారిదే. అది చర్చకే పెట్టను.

తమ్ముడు: నా దగ్గర ఒక సీన్ ఉంది, చెప్పనా? రాత్రి. అప్పాజీ స్టూలు ఎక్కి అటక మీంచి పాత టు-లెట్ పలక తీస్తాడు. దుమ్ము దులుపుతాడు. సుద్దముక్కతో రాయడానికి కూర్చుంటాడు. ‘టు-లెట్’ అని రాయాలా? ఇల్లే ఉండదు కదా, ఎవరికి అద్దెకి? పలక ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుంటాడు. పక్క పోర్షన్‌లోంచి ఇద్దరూ దేనికో పోట్లాడుకుంటున్న గొంతులు వినిపిస్తుంటాయి.

అక్క: ...ఒరేయ్. అది పెట్టేద్దాం. అక్కడ డైలాగ్ వద్దు. టీవీలో అయితే మాట ఉండాలి, జనం కంచం వైపు, వంటింటి వైపు చూస్తుంటారు, చెవికి అందాలి. థియేటర్లో దీపాలార్పి కూర్చోబెట్టాక మౌనంగా ఉండొచ్చు. అలాగే నవ్వుకి కూడా చోటు వదలాలి. హాలు మొత్తం నవ్వుతుంటే తర్వాతి మాట మునిగిపోతుంది. అందుకే మంచి జోకు తర్వాత ఓ మొహం మీద రెండు సెకన్లు ఎక్కువ ఉంటాం మేము.

తమ్ముడు: అంటే మళ్లీ అంజి మొహం దగ్గరికే వచ్చాం.

అక్క: వచ్చాం. ఎవరో నాకు పేరు తెలీదు. పేరున్న కమెడియన్ వద్దు. నాటకాలు ఆడుతున్న ఒక కొత్త మనిషి కావాలి. ఆడిషన్లో డైలాగులే ఇవ్వను. ఎదురుగా ఒకణ్ణి కూర్చోబెట్టి తలాతోకా లేని బిజినెస్ ప్లాన్ పది నిమిషాలు చెప్పిస్తాను. వింటున్నప్పుడు ఎవరి మొహం చూస్తే మనకి అతని మీద ప్రేమ పుడుతుందో అతనే అంజి. హనుమంతరావు గారి గొంతు, నడక ఎవరైనా ఎత్తుకొస్తే అక్కడికక్కడే నమస్కారం పెట్టి పంపించేస్తాను.

తమ్ముడు: ముగింపు? ఇల్లు నిలుస్తుందా?

అక్క: నిలుస్తుంది. ఎలా అనేది అప్పాజీ ఒక్కడికే తెలియాలి. బిల్డరుకి ఏం చెప్పాడో మనకి వినిపించదు, ఫోన్ దగ్గర ఆయన వీపు మాత్రం కనిపిస్తుంది. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా పాలు రాలేదు. తలుపు దబదబా మోగుతుంది. అమృతం నిద్రమొహంతో తీస్తాడు. ఎదురుగా అప్పాజీ, చేతిలో అద్దె పుస్తకం. ‘రెండు నెలలది, ఇప్పుడే కావాలి’ అంటాడు. అమృతం ఒక్క క్షణం చూసి, ఆనందం పట్టలేక అంజి పోర్షన్ వైపు పరిగెడతాడు, ‘ఒరేయ్, అద్దె అడుగుతున్నాడురా!’ అని అరుస్తూ.

తమ్ముడు: అంజి తలుపు తీస్తాడు.

అక్క: తీస్తాడు. మొహం మీద రెండు సెకన్లు. ఆ తర్వాత సిరివెన్నెల గారు రాసి, కల్యాణి మాలిక్ గారు కట్టిన ఆ టైటిల్ పాట. అప్పటిదాకా సినిమాలో ఎక్కడా వినిపించకూడదు అది, ఒక్క ముక్క కూడా.